అందరూ అరటిపండ్లే

పరుగుపందెంలో గెలవాలంటే, పక్కన ఇంకొకడు పరిగెడుతున్నాడని ముందు తెలియాలి. మూడేళ్ళవాడికి ఆ సంగతి తెలియదు. తెలిసినా పట్టదు. అందుకే ప్లేస్కూలు స్పోర్ట్స్ డేలో ఏ నర్సరీ పందెం చూసినా ఒకేలా ఉంటుంది. మైకులో "రెడీ" అనగానే ఒకడు పరుగు లంకించుకుంటాడు. "స్టెడీ" దగ్గర ఒక పిల్ల చతికిలబడి చెప్పు పట్టీ విప్పుకుంటుంది. "గో" అనేసరికి మిగిలినవాళ్ళు మైకు వైపు తిరిగి, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందా అని చూస్తుంటారు. ముందే బయల్దేరినవాడు సగం దూరం వెళ్ళి, ముగ్గుపిండి గీత కనిపించగానే ఆగి, వేలితో చెరిపి చూస్తాడు. ఒకమ్మాయి మాత్రం నిజంగానే దూసుకుపోతుంది. అయితే ఆ దూకుడు గెలుపు గీత వైపు కాదు, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడ్డ ఆయమ్మ వైపు. ఎలాగో గీత దాటినవాణ్ణి ఎత్తుకుని "ఎవర్రా ఫస్టు?" అంటే "నేనే" అంటాడు. ఆఖర్న వచ్చినవాణ్ణి అడిగినా "నేనే". అది అబద్ధం కాదు. వాడి పందెంలో వాడొక్కడే ఉన్నాడు.

మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయపు శిశుశాలలో పిల్లలు ఎలా ఆడుకుంటారో ఓపిగ్గా కూర్చుని చూసి, 1932లో రాసి పెట్టింది. మరీ చిన్నవాళ్ళు ఒకే ఇసుకలో, ఒకే రకం బొమ్మలతో, భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు కానీ ఎవరి ఆట వాళ్ళదే. కలిసి ఆడటం, నువ్విది చెయ్ నేనది చేస్తానని పంచుకోవడం వయసుతోపాటు మెల్లగా వస్తాయి. ఆ కలయికే ఇంకా రాని పిల్లల్ని పోటీకి నిలబెట్టి, ఎందుకు పరిగెత్తలేదని అడగడం మన తొందర.

మరి గీత అవతల మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్లు పట్టుకున్నవాళ్ళ మాటేమిటి? వాళ్ళకి అన్నీ తెలుసు. నీలం టీషర్టువాడు పై ఫ్లోరువాళ్ళ అబ్బాయని, మనవాడికన్నా నెలల్లో పెద్దని, పోయినేడు మెడల్ కూడా వాడే పట్టుకెళ్ళాడని తెలుసు. "కమాన్ నాన్నా, కమాన్" అని గొంతు చించుకునేది వాళ్ళే. ఆ అరుపు విని అమ్మకేదో అయిందనుకుని పిల్లవాడు ఏడుస్తూ నిలబడిపోతాడు. పందెమంతా పెద్దవాళ్ళ కళ్ళల్లోనే జరుగుతోంది. కనుక ప్లేస్కూలు ఆటల రోజుకి ఏర్పాట్లంటే మూడొంతులు పెద్దవాళ్ళ కోసం చేసుకోవలసిన ఏర్పాట్లే.

"పోటీతత్వం చిన్నప్పట్నుంచే అలవాటు చెయ్యాలి కదండీ" అనే తండ్రి ప్రతి మీటింగులోనూ ఒకరుంటారు. ఆయనకి నేను సింధు కథ చెబుతాను. పి.వి.సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల బ్యాడ్మింటన్ మొదలుపెట్టింది ఎనిమిదేళ్ళకి. మీవాడికి ఇంకా అయిదేళ్ళు టైముంది, ఈలోగా ఏ బూటు ఏ కాలిదో తెలుసుకోనివ్వండి అంటాను. నవ్వుతారు. నమ్మరు.

పోటీ తెలియని పిల్లల్ని ఆటలో ఎలా కలుపుకోవాలన్న చిక్కుముడిని మన వీధుల్లో పిల్లలే ఎప్పుడో విప్పేసుకున్నారు. దొంగాటకో ఏడుపెంకులాటకో పెద్దపిల్లలు బయల్దేరతారు. వెనక నుంచి అమ్మ కేక: "చెల్లిని కూడా తీసుకెళ్ళు, లేకపోతే నువ్వూ వెళ్ళక్కర్లేదు." చెల్లికి మూడేళ్ళు. పరిగెత్తలేదు, దాక్కోలేదు, దాక్కున్నా "నేనిక్కడున్నా" అని అరుస్తుంది. అప్పుడు జట్టు నాయకురాలు ఒక్క మాటలో తేల్చేస్తుంది: అది ఆటలో అరటిపండు. ఇక ఆ పిల్ల అందరితోపాటు పరిగెత్తొచ్చు, ఎవరినైనా ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకున్నా ఔట్ కాదు. దొంగ పెట్టాల్సిన పని లేదు. ముఖ్యమైన సంగతేమిటంటే, తను అరటిపండునని ఆ పిల్లకి తెలియదు. తెలిసినా అదేదో పదవి అనుకుంటుంది. అందరికన్నా మనసుపెట్టి ఆడేది అదే. మరాఠీ పిల్లలకీ ఇలాంటి ఏర్పాటే ఉంది, అక్కడ అలాంటి పిల్ల పచ్చి నిమ్మకాయ. ఏ కమిటీ కూర్చుని రాసిన నియమమో ఇది? పదేళ్ళ పిల్లలు తమ ఆట చెడకుండా, అమ్మ మాట పోకుండా, చెల్లి ఏడవకుండా చేసుకున్న ఏర్పాటు. ప్లేస్కూలు ఆటల రోజుకి ఇంతకన్నా మంచి రాజ్యాంగం నాకు కనిపించలేదు. ఆ గంటన్నర సేపూ అందరూ అరటిపండ్లే. అమ్మానాన్నలతో సహా.

మా ప్లేస్కూలు హైదరాబాదులో ఒక కాలనీలో అద్దె ఇల్లు. కార్లు పెట్టుకునే జాగాలో జారుడుబల్ల, పక్కన ఇసుక గుంట. ఆటల రోజుకి కాలనీ పార్కే గతి. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి చివర్లో, మంచు విడిచాక, ఎండ ముదరకముందు, ఎనిమిదిన్నర నుంచి పదింటిదాకా. అంతకుమించి లాగితే పిల్లలకి నిద్ర, పెద్దలకి టిఫిను గుర్తొస్తాయి.

కొత్తగా చేరే టీచర్లు మొదట తెచ్చే కాగితం ఎప్పుడూ ఒకటే. పరుగుపందెం, కప్పగంతులు, గోనెసంచి పరుగు, నిమ్మకాయ–చెంచా, కుర్చీలాట, తల్లులకొకటి, తండ్రులకొకటి. ఒకదాని తర్వాత ఒకటి, ఒక క్లాసు తర్వాత ఒక క్లాసు. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. అందులో కనిపించనిది ఎదురుచూపు. ఈ వయసు పిల్లల్ని ఓటమి ఏడిపించదు, వరసలో నిలబెట్టడం ఏడిపిస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఏదో ఒక కదలికలో ఉండాలని, అందులో 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మామూలు స్పోర్ట్స్ డే నాడు పిల్లవాడు రెండు గంటలు షామియానా కింద తివాచీ మీద చేతులు కట్టుకుని కూర్చుంటాడు, అర నిమిషం పరిగెడతాడు. ఏడాది మొత్తంలో వాడు అతి తక్కువ ఆడేది ఆ రోజే!

అంచేత మేం వరసలు తీసేశాం. పార్కులో అయిదారు చోట్ల ఒకేసారి ఆటలు జరుగుతాయి. ఇంటివాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని, జాతరలో తిరిగినట్టు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్తారు. ఒక పిల్లవాడు పొద్దున్నంతా ఒక్కచోటే ఉండిపోతానంటే ఉండనిస్తాం. ఈల వాడం, ఆ చప్పుడుకి బెదిరే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. బుడగలు కట్టం, పగిలిన రబ్బరు ముక్క నోట్లోకే వెళ్తుంది. గోనెసంచి పరుగు పెద్ద బడికి వదిలేశాం. తొక్కుడుబిళ్ళ గళ్ళు గీస్తాం గానీ మూడేళ్ళవాళ్ళు రెండు కాళ్ళతో గెంతితే చాలు, ఒంటికాలి గెంతు చాలామందికి నాలుగో ఏటగానీ రాదు.

ఇక మిగిలింది ఫోన్ల గొడవ. దయచేసి ఫోన్లు లోపల పెట్టండని మైకులో బతిమాలితే ఎవరూ పెట్టరు, ఆ బతిమాలడాన్ని కూడా రికార్డు చేస్తారు. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే. రెండు చేతులూ ఖాళీ లేని ఆట పెట్టడం.

పాత నూలు చీరలు రెండు తీసుకుని అంచుకి అంచు కలిపి కుట్టిస్తే అయిదున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్లకు పైగా వెడల్పు ఉన్న గుడ్డ వస్తుంది. బజార్లో ఇలాంటిదే పారాచూట్ పేరుతో రంగురంగుల నైలానుది అమ్ముతారు. చీర దానికన్నా మెత్తన, పైగా డబ్బివ్వక్కర్లేదు. చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి అంచు పట్టుకుంటారు. అందరూ ఒక్కసారి పైకెత్తితే గాలి నిండి పొంగుతుంది, పిల్లలు కిందికి దూరిపోతారు. మెల్లగా దించితే లోపల చీకటి, కేకలు. మళ్ళీ ఎత్తితే వెలుతురు, ఇంకా పెద్ద కేకలు. ఇది ఎన్నిసార్లయినా ఆడతారు, మన చేతులు పడిపోవాలి గానీ వాళ్ళు చాలనరు. ఇందులో ఒక కిటుకుంది. ఒక్కరు ఆలస్యంగా ఎత్తినా గుడ్డ పొంగదు. లిఫ్టులో రోజూ ఎదురుపడి ఒక్క మాట మాట్లాడుకోని మనుషులు ఇక్కడ "ఒన్, టూ, త్రీ" అని ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎత్తాలి. పోయినేడు ఒక మామ్మగారు అంచు చేతికి తీసుకోగానే "ఇది వెంకటగిరి చీరే! దీన్ని ఆటకి కుట్టేశారా" అని అందరినీ కేకలేసి, చివరిదాకా ఆ అంచు వదల్లేదు.

నిమ్మకాయ–చెంచా ఉంచాలా తీసెయ్యాలా అన్నదాని మీద మాలో పెద్ద వాదనే నడిచింది. చెంచా నోట కరిచి పరిగెత్తించడం ఈ వయసులో ప్రమాదం, అందులో రెండో మాట లేదు. చేత్తో పట్టుకోవచ్చు. కానీ అసలు పరుగెందుకు? మాంటిస్సోరీ బడుల్లో నేల మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత ఉంటుంది. దాని మీద అడుగులో అడుగు వేసుకుంటూ, గ్లాసులో నీళ్ళు తొణక్కుండా, చేతిలో గంట మోగకుండా పిల్లలు నడుస్తారు. మరియా మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా చిక్కుపడి, 1946 దాకా ఇక్కడే ఉండి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు కాబట్టి ఆ గీత మనకి కొత్త కాదు. తొందరపడినవాడు ఓడిపోయే ఆట అది. పల్లెల్లో సంక్రాంతికి పెట్టే స్లో సైకిల్ పందెం కూడా ఆ జాతిదే కదా, అందరికన్నా వెనక వచ్చినవాడు మొనగాడు.

మేం దానికి ఇంకో మెలిక పెట్టాం. పిల్లలకి పెద్ద గరిటె, అందులో ఉల్లిగడ్డ. నాన్నలకి టీ చెంచా, అందులో నున్నటి నిమ్మకాయ. ఇద్దరూ పక్కపక్కన నడవాలి. బలమున్నవాడికి కష్టం పెంచితేగానీ ఆట ఆట కాదు. ఆఫీసులో పాతికమందిని నడిపించే మనిషి పది అడుగులు వేసేలోపు నిమ్మకాయ జారి గడ్డిలో పడుతుంది. "నాన్నది పడిందీ!" అని వాడి కొడుకు పార్కంతా చాటింపు వేస్తాడు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేసి చూడను. ఇంట్లో పాలు ఒలకబోసేవాడూ, గిన్నె జారవిడిచేవాడూ రోజూ వీడే. నాన్న చేతిలోంచి కూడా జారుతుందని, జారితే నాన్న వంగి తీసుకుని మళ్ళీ మొదటికొస్తాడని వీడు కళ్ళారా చూడటం అరుదు. ఆ ఒక్క ఆటకి నాన్నల్ని ఎంత సేపు ఉంచినా దండగ లేదు.

జపాన్ కిండర్‌గార్టెన్లలో ఆటల రోజుని ఉన్‌దోకై అంటారు. ఇంటిల్లిపాదీ చాపలూ భోజనం డబ్బాలూ సర్దుకుని వస్తారు. అందులో తమాయిరే అని ఒక ఆట ఉంది. ఎత్తైన కర్రలకి కట్టిన బుట్టల్లోకి ఒక జట్టు ఎర్ర బంతులు, ఇంకో జట్టు తెల్ల బంతులు విసరాలి. నాకు ఆ విసురుడుకన్నా ఆఖర్న లెక్కపెట్టే తీరు ఇష్టం. రెండు బుట్టల్లోంచీ ఒక్కొక్క బంతిని పైకి విసురుతుంటే, జనమంతా ఒకే గొంతుతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. మేం జట్లు తీసేసి లెక్క ఉంచుకున్నాం. బంతులు పాత సాక్సుల ఉండలు. బుట్ట ఒక పొడుగాటి తండ్రి వీపున ఉంటుంది, ఆయన నడుస్తూ పోతుంటే పిల్లలు వెంటపడి వేస్తారు. సగం ఆయన తలకి తగులుతాయి, అందుకే సాక్సులు. ఆ తర్వాత లెక్క. ఇంగ్లీషు అంకెలు గడగడా చెప్పే మా పిల్లలు తెలుగులో ఏడెనిమిది దగ్గర ఆగిపోతారు. అక్కణ్ణుంచి తాతయ్యలు అందుకుంటారు. పంతొమ్మిది దాటాక అమ్మలు కూడా తాతయ్యల పెదాల వైపే చూస్తుంటారు.

కుర్చీలాటంత తెలివితక్కువ ఆట చిన్నపిల్లలకి ఇంకోటి లేదు. ఎవడికి ఆట ఎక్కువ అవసరమో, ఆ నెమ్మదస్తుడే ముందు బయటికి పోతాడు, మిగిలినవాళ్ళు ఆడుతుంటే చూస్తూ కూర్చుంటాడు. కెనడాకి చెందిన టెర్రీ ఆర్లిక్ 1978లో సహకార క్రీడల మీద ఒక పుస్తకం తెచ్చాడు. ఆ ధోరణిలో ఆడితే పాట ఆగినప్పుడల్లా తీసేది కుర్చీని, మనిషిని కాదు. చివరికి మిగిలిన దాంట్లో అందరూ ఇరుక్కోవాలి. ప్లాస్టిక్ కుర్చీల కాళ్ళు ఆ బరువుకి ఆగవు కాబట్టి మేం చాపలు వేస్తాం. నాలుగు చాపలు మూడై, రెండై, ఒక్కటయ్యేసరికి ఒకరి ఒళ్ళో ఒకరు, ఎవరి పిల్ల ఎవరి ఒళ్ళో ఉందో తెలియదు.

అసలు కష్టం వేరే చోట ఉంది. ‘తల్లిదండ్రులతో సహా’ అని కరపత్రంలో అచ్చువేసిన రోజునే కొందరు పిల్లల్ని మనం ఆట నుంచి తీసేసినట్టు. ఒక అమ్మకి ఆసుపత్రిలో పగటి డ్యూటీ. ఒక నాన్న దుబాయిలో. ఇంకొకాయన క్యాబ్ తోలుతాడు, పొద్దున్న ఎయిర్‌పోర్టు ట్రిప్పు వదులుకుంటే ఆ రోజు పెట్రోలు డబ్బులు రావు. ఇంకో ఇంట్లో అమ్మానాన్నలు విడివిడిగా ఉంటారు, ఇద్దరూ వస్తే కష్టం, ఒకరే వస్తే ఇంకో కష్టం. అందుకని మేం ‘మీ ఇంటి నుంచి ఎవరో ఒకరు’ అని రాస్తాం. తాతయ్య, అమ్మమ్మ, పిన్ని, ఎదురింటి ఆంటీ, ఎవరైనా ఇంటివాళ్ళే. తల్లుల పందెం, తండ్రుల పందెం అన్న పేర్లు కూడా తీసేశాం. ఎవరూ రాలేని పిల్లలెవరో వారం ముందే అడిగి తెలుసుకుంటాం, గేటు దగ్గర కాదు. ఆ రోజు ఆయమ్మకి నీళ్ళు పోసే పని ఉండదు. అదంతా మేం చూసుకుంటాం. ఆవిడ కూడా ఆడటానికే వస్తుంది, ఎవరూ రాని పిల్లలకి ఆవిడే ఇంటిమనిషి. నిజానికి అందరూ వచ్చిన పిల్లలు కూడా ఆవిడ చెయ్యే పట్టుకుంటామని పేచీ పెడతారు, అది వాళ్ళ అమ్మలకి కొంచెం మింగుడుపడదు.

మెడళ్ళ దగ్గర మాత్రం ఏటా తగువే. బేగంబజారుకి వెళ్తే డజన్ల లెక్కన దొరుకుతాయి, రిబ్బనుతో సహా. అందరికీ గోల్డ్ మెడల్ ఇచ్చేస్తే పోలా అంటారు. నాకు అది అన్నిటికన్నా చెడ్డ రాజీ అనిపిస్తుంది. అది పోటీ కాదు, ఆటా కాదు, ఊరికే ఫోటో. మాంటిస్సోరీ తన పుస్తకంలో ఒక సంగతి రాశారు. బుద్ధిమంతుడని ఒక పిల్లవాడికి వెండి శిలువ బహుమానంగా మెళ్ళో వేశారు. వాడు ఏదో పనిలో పడి వస్తువులు అటూ ఇటూ మోస్తుంటే అది ఊడి కిందపడింది. శిక్షగా కుర్చీలో కూర్చున్న ఇంకో పిల్లవాడు దాన్ని తీసి చూపిస్తే, మొదటివాడు తనకక్కర్లేదు పెట్టుకొమ్మన్నాడు. రెండోవాడు దర్జాగా పెట్టుకుని కూర్చున్నాడు. పనిలో ఉన్నవాడికి పతకం అడ్డం, పని లేనివాడికి అది కాలక్షేపం. 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుశాలలో దీన్నే ఇంకో దారిలో పరీక్షించారు. బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే బంగారు నక్షత్రమున్న పత్రం ఇస్తామని ముందే చెప్పి, అన్నట్టే ఇచ్చారు. కొన్నాళ్ళకి చూస్తే ఆ పిల్లలు స్కెచ్ పెన్నులు పట్టుకునే సమయం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఇవన్నీ చెప్పినా "మరి ఇంటికెళ్ళాక అత్తగారికి ఏం చూపించమంటారు?" అని ఒకమ్మ అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. చేతిమీద గోరింటాకు చుక్కంత రబ్బరు ముద్ర వేసి, ఉప్పూకారం లేకుండా జామకాయ ముక్క ఇచ్చి పంపిస్తాం. ముద్ర పోతుందని రెండు రోజులు ఆ చెయ్యి కడగనివ్వని పిల్లలున్నారని ఇళ్ళ నుంచి ఫిర్యాదులొస్తాయి.

ఇంత చెప్పాక ఒప్పుకోవలసింది ఇంకొకటి మిగిలింది. తాడు లాగే పోటీని మాత్రం మానిపించలేకపోయాం. గంటన్నర సేపు అరటిపండ్లుగా ఉండటం తండ్రులకి మించిన పని, ఏదో ఒకదాంట్లో గెలిచేదాకా ఇంటికి పోరు. సరే కానిమ్మని ఆఖర్న తాడు పరుస్తాం. చేతికి చుట్టుకోకూడదని ముందే గట్టిగా చెబుతాం, వేళ్ళు నలుగుతాయి. ఏ బ్లాకు ఆ బ్లాకు జట్టు. మడమలు నేలకి తన్నిపెట్టి, మొహాలు ఎర్రబారి, తాడు బిగిసే సమయానికి పిల్లలు చూస్తూ ఊరుకోరు. ఎవరి నాన్న ఎటు ఉన్నాడని చూడరు, దగ్గర్లో కనిపించిన కొస పట్టుకుని ఇష్టమొచ్చిన వైపు లాగుతారు. ఒకడైతే మధ్యలో తాడెక్కి ఊగుతాడు. కింద పిల్లలుండగా గట్టిగా లాగే ధైర్యం ఎవరికీ ఉండదు, వదిలేసే ధైర్యం అంతకన్నా ఉండదు. నెమ్మదిగా తాడు దించి అందరూ గడ్డిమీద కూలబడతారు. ఏ బ్లాకు గెలిచిందని వాట్సాప్ గ్రూపులో సాయంత్రం దాకా వాదన నడుస్తుంది. పోయినేడు తెచ్చింది కొబ్బరినార తాడు, అరచేతులు గీసుకుపోయాయని అందరూ గొణిగారు. ఈసారి నూలు తాడు కొనాలి, కాస్త పొడుగుది.